సగం తీసిన తలుపు

అక్కా,

ఇవాళ నీ బిడ్డకు రెండేళ్ళు. నువ్వు పోయి కూడా రెండేళ్ళు. ఒంట్లో రక్తం లేక కాన్పు తట్టుకోలేదని దవాఖానలో అన్నారు.

పొద్దున మన కొత్తపేట గల్లీ అంగన్‌వాడీ టీచర్ వచ్చింది. ఈ రెండేళ్ళూ ఆమెకు తీయని తలుపు సగం తీశాను.

"జర పాప చెయ్యి కొలుస్తనమ్మా," అని రంగుల టేపు చూపించింది.

"తల్లి లేదని పిల్లను తీస్కపోతరా ఏంది?"

"ఎవ్వరు తీస్కపోరు. బక్కగుంటే ముందే తెలుస్తది, గంతే."

నమ్మలేదు. తెలిసిన మనిషే అయినా గుర్తింపు కార్డు అడిగి చూశాను. పాప ఫొటో తీయకుండా ఆమె ఫోన్ సంచిలో పెట్టించాను. పాపను ఒళ్ళోనే పట్టుకుని చెయ్యి మాత్రం అందించాను. టేపు పసుపు దగ్గర ఆగింది, అంటే పాప బక్కగా ఉన్నట్టేనట. రోజూ సెంటర్‌కు తెచ్చి గుడ్డు తినిపించమంది. వెంటనే పాపను ఎత్తుకుని ఆమె వెనకాలే సెంటర్‌కు వెళ్ళి, గుడ్డు ఉడికే దాకా గిన్నె పక్కనే నిలబడ్డాను.

అప్పుడు మెల్లగా అడిగింది. "మీ అక్కకు రక్తం పరీక్ష చేయిద్దామని రెండుసార్లు వచ్చిన. ఊరికి పోయిందంటివి. మళ్ళెప్పుడు ఒచ్చిందమ్మా?"

నేను పాప నోట్లో ఇంకో గుడ్డు ముక్క పెట్టాను.

నువ్వు ఏ ఊరికీ పోలేదు. ఐదో నెల రాకముందే నలుగురికీ తెలిస్తే దిష్టి తగులుతుందని, నిన్ను వెనక గదిలో కూర్చోబెట్టి ఆమెకు అబద్ధం చెప్పింది నేనే. ఆ తర్వాత ఆమెను పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.