బావగారి పడవ అడుగు

బావగారికి,

మీరు కొత్తగా కొన్న పాత పడవను ఏరు సముద్రంలో కలిసేచోటే ఆపేశానని అలిగి, నడిచి ఇంటికెళ్లారట. పడవలు తనిఖీ చేయడం నా ఉద్యోగం, ఏం చేయను? పైన రంగు పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. అడుగున చెయ్యి పెడితే వేరే నీళ్ల నుంచి అతుక్కొచ్చిన, శనగగింజలంత బతికున్న పరాయి గుల్లలు తగిలాయి. అవి ఏట్లోకి చేరితే అక్క పెంచే ఆల్చిప్పల మీదే గుంపుగా అతుక్కుని, వాటికి ఊపిరాడనివ్వవు. అందుకే గీకించి, వేడినీళ్లతో కడిగించి ఎండబెట్టాను. బాగా ఆరాక దర్జాగా నడుపుకుంటూ వెళ్లండి.

ఇంకో మాట. మీరు నన్ను తిడుతుంటే అక్క కూడా వంత పాడిందట. నమ్మకండి. "మీ బావ రంగు చూసి కొంటారు, అడుగు చూడరు. మొహమాటపడకు, ఆపెయ్యవే!" అని పొద్దున్నే ఫోన్ చేసింది తనే.

మీ మరదలు