అరవకుండా ఒక్క నెల

3వ తేదీ, సోమవారం

సాయంత్రం 6:30. తీర్మానం చేసుకున్నాను. రేపటి నుంచి నెల రోజులు పార్కుకు వచ్చేవాళ్ళ మీద అరవను. వెటకారం చేయను. "కళ్ళున్నాయా?" అని ఎవరినీ అడగను.

కారణం: మధ్యాహ్నం మేడమ్ కింది ఆఫీసుకు పిలిపించారు. మేడమ్ అంటే మా కొండ పార్కుకు ఈ మధ్యే వచ్చిన అధికారిణి. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, నాకన్నా వంద రెట్లు నెమ్మది. నా మీద వచ్చిన ఫిర్యాదులు మూడు బల్ల మీద పరిచారు. ఒకటి: మోకాళ్ళ నొప్పులతో శిఖరానికి బయల్దేరిన పెద్దాయనను "మోకాళ్ళు వెంట తెచ్చుకున్నారా, ఇంట్లో పెట్టి వచ్చారా?" అన్నానట. అన్నాను. రెండు: ఎత్తు మడమల చెప్పులతో వచ్చిన అమ్మాయిని "పెళ్ళికొడుకు పైన ఎదురుచూస్తున్నాడా?" అని అడిగానట. అదీ అడిగాను. మూడోదానిలో నేనేమన్నానో రాయలేదు. "చెప్పుకోలేని మాట" అని మాత్రం ఉంది. ఏ మాటో ఎంత ఆలోచించినా తేలలేదు. చాలా ఉన్నాయి మరి.

"ఇంకొక్కటి వచ్చిందంటే మిమ్మల్ని కింద స్టోరుకు మార్చక తప్పదండీ," అన్నారు మేడమ్. ఆ మాట అనడానికి ఆవిడే ఇబ్బంది పడ్డారు.

స్టోరంటే కిటికీ లేని గది. దుప్పట్లు, టార్చిలైట్లు లెక్కపెట్టే పని. నేను పందొమ్మిదేళ్ళుగా పై గేటు మనిషిని. పొద్దున్నే గేటు తీయకముందే లోయ మలుపు దాకా నడిచి, రాత్రికి రాత్రి ఏ రాయి కదిలిందో, ఏ కొమ్మ విరిగి దారికి అడ్డం పడిందో చూసి వచ్చి, బోర్డు మీద రాస్తాను. ఆ నడక లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. స్టోరులో నన్ను కూర్చోబెడితే నెల తిరగకుండా దుప్పట్లతో పోట్లాడతాను.

కాబట్టి నోటికి తాళం. మేడమ్ నాలుగు మర్యాద వాక్యాలు రాసిచ్చారు. నాలుగూ "దయచేసి"తోనే మొదలవుతాయి.

రాత్రి 8:00. అద్దం ముందు సాధన. మా ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను. కుట్టడం ఆపి తలుపు దగ్గరికొచ్చి, "ఎవరు పోయారే?" అని అడిగారు.

గొంతులో కాస్త సంతోషం కలపాలి.

4వ తేదీ, మంగళవారం

ఉదయం 7:10. తొలి అవకాశం! ఒకాయన రబ్బరు చెప్పులతో శిఖరానికి బయల్దేరాడు. "దయచేసి పట్టు ఉన్న బూట్లు వేసుకుంటే మీ నడక మరింత సుఖంగా ఉంటుందని మా మనవి," అన్నాను. "థాంక్సండీ," అని అవే చెప్పులతో వెళ్ళిపోయాడు.

11:40. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. కుంటుకుంటూ దిగాడు. దయచేసి కూర్చోమన్నాను. దయచేసి కట్టు కట్టాను. లోపల ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

సాయంత్రం 5:00. ఒక్కరి మీద కూడా అరవలేదు! నేనేనా అని నన్ను నేనే గిల్లి చూసుకున్నాను. వైర్‌లెస్ చూసుకునే బాబాయ్ సెట్లో పిలిచాడు. ఆయన ఉండేది శిఖరం కింది గుడిసెలో. ఇక్కణ్ణించి గంట నడక.

"అమ్మాయ్, ఒంట్లో బాగుందా? పొద్దున్నుంచి నీ గొంతు వినబళ్ళేదు."

"నేనివాళ సెట్ ముట్టుకోలేదుగా బాబాయ్."

"రోజూ సెట్లో వింటున్నానా ఏమిటి?"

6వ తేదీ, గురువారం

మధ్యాహ్నం 12:00, మిట్టమధ్యాహ్నం ఎండ. కుటుంబం మొత్తం ఐదుగురు. వాళ్ళందరికీ కలిపి అర లీటరు సీసా. "దయచేసి నీళ్ళు సరిపోతాయేమో ఒకసారి ఆలోచించండి," అన్నాను. "ఆలోచించాం," అన్నాడు ఇంటాయన. సగం దారిలోనే వెనక్కొచ్చి నా కుండలో నీళ్ళన్నీ తాగేశారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. దవడలు నొప్పి.

రాత్రి 7:30. ఇల్లు. మా ఆయన టీ తాగిన గ్లాసు కిటికీలో పెట్టారు. అంతే. రోజంతా పళ్ళ వెనక దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. గ్లాసుతో మొదలుపెట్టి, ఆయన గురక, ఆయన చెల్లెలు, మా పెళ్ళినాటికి ఆయనకున్న మీసం దాకా వెళ్ళాను. ఆయన పాపం కత్తెర పక్కన పెట్టి అంతా విన్నారు.

"ఒక మాట. మీ మేడమ్‌గారికి నేనో ఉత్తరం రాసుకోవచ్చా?" అన్నారు.

8వ తేదీ, శనివారం

తీర్మానం బాగానే సాగుతోంది. కొన్ని వివరణలు మాత్రం అవసరమయ్యాయి.

గొణగడం అరవడం కాదు.

కళ్ళతో తిట్టడం అసలు మాట్లాడటమే కాదు.

జనం మలుపు తిరిగాక వాళ్ళ వీపు వైపు తిరిగి అన్నది లెక్కలోకి రాదు.

విజిల్ నోటితోనే ఊదుతాం కానీ అందులో మాటలు లేవు. కనుక ఊదవచ్చు.

సాయంత్రం 4:00. మేడమ్ ఫోన్. "కింద పార్కింగ్ దాకా విజిల్ వినిపిస్తోందండీ. ఏమైనా ప్రమాదమా?" లేదండీ, సాధన అన్నాను. విజిల్ డ్రాయరులో పెట్టేశాను.

10వ తేదీ, సోమవారం

ఉదయం 5:30. రాత్రంతా వాన. లోయ మలుపు దగ్గర అంచు దెబ్బతింది. పైకి చూస్తే పచ్చగా గడ్డి, గట్టి నేలలాగే ఉంది. కర్రతో పొడిస్తే మోచేతి దాకా దిగింది. కింద మట్టి జారిపోయింది, పైన గడ్డి మాత్రం వేలాడుతోంది. దారి లోపలివైపు బాగానే ఉంది కాబట్టి, అంచుకు నాలుగడుగుల ఇవతల తాడు కట్టాను.

ఇలాంటి చోట్లకు నా సొంత బోర్డు ఒకటుండేది: "ఇటు వెళ్తే కిందికి త్వరగా చేరతారు. ఇంటికి మాత్రం చేరరు." జనం దానికి ఫొటో తీసుకుని బుద్ధిగా దారి లోపలివైపు నడిచేవాళ్ళు. భాష బాగాలేదని మేడమ్ పోయిన వారమే తీయించారు. ఇప్పుడున్న బోర్డు: "దయచేసి తాడు దాటకండి. సహకరించగలరు."

చేతిరాత అందంగా వచ్చింది. చెప్పుకోవాలంటే అంతే.

11వ తేదీ, మంగళవారం

ఉదయం 9:20 ప్రాంతం. మలుపు దగ్గర తాడుకు కాపలా ఉన్నాను. మా అబ్బాయి ఈడువాడు, కెమెరా స్టాండు భుజాన వేసుకుని వచ్చాడు. తాడు అవతల నిలబడితే లోయంతా ఫొటోలో పడుతుందట. ఒక్క నిమిషమేనట. నేను నాలుగు వాక్యాలూ వరసగా చెప్పాను. మొదటిదే మళ్ళీ చెప్పాను. అతను నవ్వాడు. "మీరెంత మర్యాదగా మాట్లాడతారండీ!" అని తాడు దాటాడు.

గడ్డి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. మనిషి లేడు.

అప్పుడు అరిచాను. గొంతు చిరిగేలా అరిచాను. ఎవరికి ఉపయోగం?

కింద పొద ఆపింది. బతికాడు. బాబాయ్, నేను, ఇంకో ఇద్దరు కలిసి తాళ్ళు వేసి పైకి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. కుడి చెయ్యి విరిగింది. స్ట్రెచర్ మీద మోస్తుంటే నా వైపు తిరిగి, "అంత ప్రమాదమైతే గట్టిగా చెప్పుండాల్సింది కదమ్మా," అన్నాడు. తప్పుపట్టినట్టు కూడా అనలేదు. మామూలుగా అడిగాడు.

రాత్రి. భోజనం సహించలేదు. మా ఆయన మిషను ఆపి పక్కన కూర్చున్నారు. నా పందొమ్మిదేళ్ళలో మలుపు దగ్గర ఒక్కరూ పడలేదు. నా ఉద్యోగం కాపాడుకోవడానికి నేను నోరు మూసుకున్నాను, వాడు పడ్డాడు. ఇంకెలా తిప్పి రాసినా అదే వస్తోంది.

12వ తేదీ, బుధవారం

తీర్మానం రద్దు.

తాడు మీద చెయ్యేసినాయనతో: "నిన్న ఒకడు ఇక్కణ్ణించే ఎగిరాడు. నీకూ రెక్కలు మొలిచాయా నాయనా?"

అంచువైపు వీపు పెట్టి ఫొటోలు దిగుతున్న అక్కాచెల్లెళ్ళతో: "మొహాలు ఇటు తిప్పినా ఇంతే అందంగా ఉంటాయి, రండి ఇవతలికి!"

మధ్యాహ్నం రెండు దాటాక శిఖరానికి బయల్దేరినాయనతో: "దిగేసరికి చీకటి. పైన మీ అత్తగారిల్లుందా పడుకోడానికి?"

ఒక్కరూ దాటలేదు. ఒక్కరూ జారలేదు. సాయంత్రానికి గొంతు బొంగురు, ప్రాణం హాయి. అత్తగారిల్లు అన్నందుకు ఆయనకు కోపం రాలేదు కానీ, ఆయన భార్యకు వచ్చింది. దిగుతూ ఆఫీసులో కాగితం ఇచ్చి వెళ్ళిందట.

రేపు పదింటికి రమ్మని మేడమ్ కబురు. సంచిలో నా కండువా, కుండ మూత, కర్ర సర్దుకున్నాను. స్టోరుకు కర్ర దేనికో తెలియదు.

13వ తేదీ, గురువారం

బల్ల మీద ఒకటి కాదు, రెండు కొత్త ఫిర్యాదులు.

ఒకటి నిన్నటి ఆవిడది: గేటు దగ్గరి ఉద్యోగిని కేకలు వేసింది.

రెండోది ఆసుపత్రి నుంచి. ఎడమ చేత్తో రాసినట్టుంది, అక్షరాలు కొండెక్కుతున్నాయి: గేటు దగ్గరి ఉద్యోగిని సరిగ్గా హెచ్చరించలేదు, ఏదో ఆహ్వానపత్రిక చదివినట్టు చెప్పింది.

మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. అరిచినందుకు స్టోరుకు పంపాలి. అరవనందుకూ స్టోరుకు పంపాలి. నన్ను రెండుసార్లు పంపడానికి స్టోరు ఒకటే ఉంది.

"ఆయనకు చెప్పినవి నా వాక్యాలేనా?" అన్నారు చివరికి.

"నాలుగూ చెప్పానండీ. మొదటిది రెండుసార్లు."

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రేపు నేను పైకి వస్తాను. తాడు దగ్గర నేనే నిలబడతాను. మీ సంగతి ఆ తర్వాత తేలుద్దాం."

14వ తేదీ, శుక్రవారం

ఉదయం 8:30. ఇస్త్రీ మడత నలగకుండా మేడమ్ వచ్చారు. నన్ను తాడు పక్కనున్న బెంచీ మీద కూర్చోమన్నారు. నోరు విప్పొద్దన్నారు.

10:00. "దయచేసి" చాలా చక్కగా అంటున్నారు. నాకన్నా వెయ్యి రెట్లు నయం. చాలామంది వింటున్నారు కూడా. ఒప్పుకోవాలి.

11:15. మేడమ్ నీళ్ళు అడిగారు.

12:05. టోపీ పెట్టుకున్న ఒకాయన తాడు మీదుగా ఒక కాలు వేశాడు. "దయచేసి ఆగండి," అన్నారు మేడమ్. "ఒక్క నిమిషమండీ," అన్నాడు. రెండో కాలు లేచింది. నేను బెంచీ మీంచి లేచాను. ఈలోగా,

"ఒరేయ్! వెనక్కి రారా! చస్తావురా!"

చెట్ల మీద పిట్టలన్నీ లేచాయి. టోపీ ఆయన కప్పలా ఇవతలికి గెంతాడు. సెట్లో బాబాయ్, "అమ్మాయ్, ఆ కేక నీది కాదే, ఎవరది?" అంటున్నాడు. మేడమ్ బెంచీ మీద కూలబడ్డారు. నీళ్ళు అందించాను. "పడిపోతాడనుకున్నానండీ," అన్నారు, కళ్ళనిండా నీళ్ళు. నాకు ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాను కూడా.

టోపీ ఆయనకు ప్రాణం కుదుటపడగానే కోపం వచ్చింది. "ఈవిడ మీద ఫిర్యాదు చేస్తాను. మీ పై అధికారి ఎవరు?" అని నన్ను అడిగాడు.

"దయచేసి కింది ఆఫీసుకు వెళ్ళగలరు," అన్నాను. "అధికారిణిగారు నాలుగింటికల్లా అక్కడుంటారు. చాలా నెమ్మదైన మనిషి."

సాయంత్రం 5:30. మేడమ్ ఫోన్. టోపీ ఆయన వచ్చాడట, ఎదురుగా ఆవిణ్ణే చూసి నీళ్ళు నమిలి వెళ్ళిపోయాడట. నా బదిలీ కాగితం చించేశారట. సర్దిన సంచిలోంచి కర్ర బయటికి తీశాను.

"మళ్ళీ మొదలుపెడదామా అండీ?" అన్నారు. "ఈసారి తాడు దగ్గర తప్ప. నేనూ మీతోపాటు తీర్మానం చేసుకుంటాను."

15వ తేదీ, శనివారం

ఉదయం 5:20. మలుపు చూసి వచ్చాను. పగులు ఇంకో జానెడు లోపలికొచ్చింది. తాడు రెండడుగులు వెనక్కి జరిపి కట్టాను.

కొత్త తీర్మానం. ఈ రోజు నుంచి నెల రోజులు అరవను. తాడు దగ్గర అరుస్తాను, ఎంత కావాలంటే అంత. మిగతా చోట్ల దయచేసి.

5:54. గేటు బయట అప్పుడే జనం. ఒకాయన చక్రాల పెట్టె రాళ్ళ మీద గడగడా లాక్కుంటూ వచ్చాడు. ఎక్కడికని అడిగాను. శిఖరానికట.

గేటు తీయడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. ఈ కొత్త నెలలో ఇంతవరకు ఎవరినీ ఏమీ అనలేదు.