అక్షరాలు కొంచెం పెద్దవిగా

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నీ అల్లుడు, పిల్లది, నేను క్షేమం. అక్కడ నువ్వు, చెల్లి, మరిదిగారు, చంటిది క్షేమమని తలుస్తాను. క్షేమం అని రాశాను గానీ నా మనసు మాత్రం అంత బాగా లేదు. ఆ సంగతికి వస్తాను. ఫోన్ చేయొచ్చు కదే అంటావు. ఫోన్ చేస్తే చెల్లి స్పీకర్ పెడుతుంది, ఇల్లంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. స్టూడియో కప్పు కారడం ఆగింది. ఇంటాయన బాగుచేయించాడనుకునేవు, వానలే ఆగాయి. నా మోకాలు పరవాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం కలుక్కుమంటోంది. నీ అల్లుడు బడి వ్యాను నడుపుతూనే ఉన్నారు, సాయంత్రం ఇంటికొచ్చి ఏ పిల్లాడు ఎలా పేచీ పెట్టాడో చేసి చూపిస్తూనే ఉన్నారు. పిల్లది లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. అమ్మమ్మ ఎప్పుడొస్తుందని రోజూ నా ప్రాణం తీస్తోంది. చంటిదానికి నీ ముక్కు వచ్చిందని చెల్లి తెగ మురిసిపోతోందట కదా. నాకు రాని ముక్కు దానికెలా వచ్చిందో, అన్యాయం.

పళ్ళ డాక్టరు బేరం ఏం చేశావని అడిగావు. మళ్ళీ మొదటినుంచీ చెబుతాను, ఎందుకంటే పోయిన ఉత్తరంలో అంతా చెప్పలేదు.

మన వీధి చివర ఆయన కొత్తగా ఆసుపత్రి తెరిచాడు. ఆరు నెలలపాటు ఆసుపత్రికి కావలసిన ఫోటోలన్నీ నేను తీయాలి. డబ్బివ్వడు. బదులుగా ఆయన వేయించే ప్రతి కరపత్రం మీద, బస్టాండు ఎదురుగా పెట్టించబోయే పెద్ద బోర్డు మీద నా స్టూడియో పేరు, ఫోన్ నంబరు వేయిస్తాడు. నీ అల్లుడు వినగానే నవ్వారు. "నేను పిల్లల్ని బడిలో దించి, డబ్బొద్దు, నా పేరు నలుగురికీ చెప్పండి చాలంటే, వ్యానులో పెట్రోలు ఎవరు పోస్తారే?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పబ్లిసిటీ అంటే మీకేం తెలుసని ఎగిరిపడ్డాను.

కానీ నా బాధ నీకు తెలుసు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరే. నా మెట్లెక్కేది పాస్‌పోర్టు ఫోటో కావలసినవాళ్ళు, పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించుకునేవాళ్ళు. మొన్న ఒకాయన దరఖాస్తుకు ఫోటో తీయించుకుని, తన ఫోనులోని పువ్వుల ఫోటో చూపించి, "ఎలా ఉంది మేడం, మీరు తీసినా ఇంతే కదా?" అన్నాడు. నిజంగా బాగుంది. అదే మరీ ఏడుపొచ్చింది. నా పేరు నలుగురి కళ్ళబడితే తప్ప ఈ స్టూడియో నిలబడదని గట్టిగా అనిపించింది.

నిన్ను అడిగితే "నీ ఇష్టం" అని రాశావు. అమ్మా, నీ ఇష్టానికి ఎన్ని అర్థాలో నాకు తెలియదా? స్నేహితురాళ్ళతో సినిమాకి వెళ్ళనా అంటే నీ ఇష్టం అన్నావు, వద్దని. ఈయన్ని చేసుకోనా అంటే నీ ఇష్టం అన్నావు, చేసుకోమని. ఎదురుగా ఉంటే గొంతును బట్టి పోల్చుకునేదాన్ని. కాగితం మీద గొంతు వినబడదు కాబట్టి నాకు కావలసిన అర్థం తీసుకుని, ఆ రోజే ఒప్పేసుకున్నాను.

ఇక దాచను. నేను నిన్ను అడిగింది బేరం గురించి మాత్రమే. ఆ బేరం దేనితో మొదలైందో చెప్పలేదు.

స్టూడియో లోపల కంప్యూటరు పక్కన నీ ఫోటో ఉంది కదా, నీ అల్లుడి మీద నేనేదో జోకు వేస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వావు, అది. ఎవరికీ చూపించనని నీకు మాటిచ్చి పెట్టుకున్నది. డాక్టరు వచ్చినప్పుడు లోపలికి తొంగిచూసి, "ఇలాంటి నవ్వే నాకు కావాలి. ఎవరీవిడ?" అన్నాడు. తెలిసినావిడ అన్నాను. అమ్మా, మా అమ్మ అనలేదు, తెలిసినావిడ అన్నాను. "ఆవిడ ఒప్పుకుంటారా?" అని ఆయన అడిగాడు కూడా. నేను చూసుకుంటానన్నాను.

ప్రెస్సువాళ్ళు గురువారం కరపత్రం నమూనా ఫోనుకి పంపారు. మధ్యలో ముందుపళ్ళు రెండూ లేని నీ నవ్వు. కింద "మీ నవ్వు కూడా ఇలాగే ఉందా?" అని. పైన మూలకి నా స్టూడియో పేరు. నేను ముందు ఏం చూశానో తెలుసా? నా పేరు. చీమ తలకాయంత ఉంది. వెంటనే ఫోన్ చేసి అక్షరాలు కొంచెం పెద్దవిగా వేయమన్నాను. "చోటు లేదు మేడం, ఫోటో కోయాలి" అన్నాడు ప్రెస్సతను. కోసేయమన్నాను. ఎక్కడ కోస్తావని అడగలేదు.

ఆదివారం అది పేపర్లో పెట్టి ఇంటింటికీ వేశారు. నీ నుదురు లేదు, కళ్ళు లేవు. నోరొక్కటే ఉంది. కళ్ళుండాల్సిన చోట ఎర్రటి అక్షరాలతో నా పేరు.

నీ అల్లుడు కాఫీ తాగుతూ దాన్ని తీసి చూశారు. "అత్తయ్య కదూ ఇది?" అన్నారు. కాదన్నాను. "నవ్వు చూస్తే తెలీదా?" అని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మెట్ల దగ్గర ఆపి, "అమ్మగారు పళ్ళు కట్టించుకుంటున్నారా?" అంది. పాపం ఆప్యాయంగానే అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళి, అది మా అమ్మ ఫోటో, బోర్డు మీద వేయొద్దని చెప్పాను.

"తెలిసినావిడ అన్నారు కదండీ!"

"అబద్ధం చెప్పాను."

ఆయన బల్ల మీది కరపత్రం నా వైపు తిప్పి, "కళ్ళే లేవు కదమ్మా, ఎవరు గుర్తుపడతారు? పోనీ, వేరే ఫోటో ఇవ్వండి. బేరం బేరమే. అదుగో, ఆయన్ని తీయండి" అన్నాడు.

కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. కెమెరా నా భుజానే ఉంది. నిజం చెబుతున్నా, చెయ్యి దాని మీదికి పోయింది. ఆయన అది చూసి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం నీలాగే.

"డబ్బిచ్చి తీయించుకోండి డాక్టరుగారూ. ఒప్పుకున్నవాళ్ళనే తీస్తాను. పేరు కోసం మాత్రం తీయను" అన్నాను.

"డబ్బే ఇస్తే మీకంటే మంచివాళ్ళు దొరుకుతారు" అన్నాడు. దొరుకుతారు, అందులో అబద్ధం లేదు. వచ్చేశాను. నువ్వు దిగే బస్టాండు ఎదురుగా ఆ బోర్డు ఉండదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ ఒక మూల పీకుతోంది, ఏం మనిషినో నేను. కరపత్రాలు మాత్రం వెనక్కి రావు. ఒకటి ఇందులో పెడదామనుకున్నాను, చేతులు రాలేదు.

అమ్మా, ఆ పళ్ళు ఎలా పోయాయో మనిద్దరికే తెలుసు. నాకు ఎనిమిదేళ్ళు. పార్కులో ఇనుప ఉయ్యాల. ఆపవే అని నువ్వు అరుస్తుంటే మొండికేసి ఇంకా గట్టిగా ఊగాను. ఆపడానికి నువ్వు ఎదురొచ్చావు. ఇంటికొచ్చాక నాన్న నన్ను చంపేస్తారని, కుళాయి దగ్గర జారిపడ్డానన్నావు. నోట్లో గుడ్డ కుక్కుకుని, ఆయన వెనక నుంచి నాకు కన్నుగీటావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి దెప్పలేదు. నేను తప్పయిందని అననూ లేదు. నీది ఏం తీసుకున్నా అడగక్కర్లేదని నాకు అప్పుడే అలవాటైపోయిందేమో.

తప్పయిందమ్మా. అప్పటిదీ, ఇప్పటిదీ.

వచ్చే నెల నువ్వొస్తావు. వీధిలో ఎవరో ఒకరు ఆ కరపత్రం సంగతి ఎత్తుతారు. నువ్వేం అంటావో నాకు తెలుసు, "నేనే ఇమ్మన్నాను" అంటావు. అనకు. నా కోసం ఇంకో అబద్ధం ఆడకు. "నా కూతురు నన్ను అడగలేదు" అని చెప్పు. నేను పక్కనే నిలబడి ఉంటాను, అందరి ముందూ చెప్పు.

ఇట్లు,
నిన్ను అడగని
నీ పెద్దకూతురు