గిరాకీ కోసం రాసిన పోస్టరు

మంగళవారం రాత్రి

జొన్నరొట్టెల దుకాణానికి గిరాకీ తగ్గింది, నాలుగు ముక్కలు రాసి గోడలకు అంటించమని ఎల్లవ్వత్త అడిగింది. ఎర్ర సిరాతో రాసి ఫోరస్ రోడ్డు మలుపు దాకా అంటించాను: "ఎదుటి హోటల్ దోపిడీని ఎదిరించండి! ఎల్లవ్వ దుకాణానికి రండి!"

ఈ ఊరికి వలసొచ్చిన మా పాలమూరు కూలీలు చదివించుకుని నవ్వారు. తినడానికి ఒక్కరూ రాలేదు. ఎదుటి హోటల్ మల్లయ్య సేట్ మాత్రం తానే చదివాడు. మధ్యాహ్నం అత్త రోజూలాగే ఆయన నల్లా కింద బిందె పెడితే నీళ్ళు ఆపేశాడు.

"దోపిడిగాని నీళ్ళు నీకెందుకక్కా? నీ అల్లున్ని బాయి తవ్వమను."

అత్త ఖాళీ బిందె నా ముందు పెట్టింది. "గిరాకీ తెమ్మంటే కయ్యం తెచ్చినవ్‌రా! రొట్టె మెత్తగుంటదని రాసినవా? పుంటికూర పప్పుందని రాసినవా? రేపు పిండి దేంతోని కలపాలె?"

సేట్ తన పనివాళ్ళకు సరిగా జీతం ఇవ్వడు. నేను రాసింది అబద్ధం కాదు. కానీ రాసింది నేను, మాట పడింది అత్త.

రొట్టె, పుంటికూర అని కొత్త పోస్టరు రాశాను. పొద్దున నల్లా దగ్గరికి నేనే వెళ్తాను. క్షమించమని అడగను, నీళ్ళు అడుగుతాను. ఆయన ఎన్ని మాటలన్నా బిందె నిండేదాకా నోరు మూసుకుని నిలబడాలి. నిలబడగలనా...