దిష్టి తీసిన లారీ

గాజువాక, 1982
శుక్రవారం రాత్రి

మొన్న డ్రైవర్నైన నన్ను బెయిలు మీద వదిలినప్పుడు కనబడని ఓనరు, ఇవాళ లారీని వదిలారనగానే పూలదండతో స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. "బండికి ఎవుడి దిష్టో తగిలింది మావా" అన్నాడు. లోడు కోసం ఆగిన చోటల్లా కూర్చుని ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత సిగ్గులేని మాట ఎక్కడా తగల్లేదు. నా చక్రం కింద పోయిన సైకిలు మనిషి పేరు సింహాచలం. ఆ పేరు పిలుస్తూనే అతని భార్య స్టేషన్లో ఏడ్చింది. వీడు ఆ పేరైనా అడగలేదు.

గుమ్మడికాయ నాచేతే కొట్టించాడు. రోడ్డు మీద పడ్డ ముక్కలు ఏరుతుంటే అరిచాడు.

"ఏటి సేత్తన్నావ్? దిష్టికాయ ముట్టుకుంటావేటి? నీకు సుట్టుకుంటాది!"

"సుట్టుకోనీ బాబూ. ఎనకాల సైకిళ్లొత్తన్నాయి, జారి పడతారు."

"పడితే పడనీ, మన బండి కింద కాదు కదేటి!" అని నవ్వి, రేపు లోడుందంటూ తాళాలు చాపాడు.

తీసుకోలేదు. ముక్కలన్నీ ఏరి, ఆ తాళాలు వాడి చేతిలోనే ఉండగా వచ్చేశాను. బతకడానికి నాకు వేరే పని రాదు.

వాణ్ణి తిట్టడానికి మాటలకేం కొదవ లేదు. రేపు సింహాచలం ఇంటి గుమ్మంలో నిలబడి ఆమెతో మొదటి మాట ఏమనాలో మాత్రం, ఇంత చదివినా...