మాథుర్ ఆగుతానన్నాడు

1974 నవంబరు, మంగళవారం రాత్రి

సాయంత్రం ఎయిర్‌ఫీల్డు కంట్రోల్ టవర్లో నేనే ఉన్నాను. దిగే వంతు పైలట్ మాథుర్‌ది. వెనకాల ఇంకో విమానంలో వస్తున్న ట్రైనీ, తన ఇంజను ఆగి ఆగి తిరుగుతోందన్నాడు. "ముందు అతన్ని దిగనివ్వండి సార్, నేను ఆగుతాను" అన్నాడు మాథుర్, బస్సులో సీటు ఇచ్చినంత తేలిగ్గా. కాసేపటికి మళ్లీ, "వీలైతే నేనూ దిగుతాను సార్." ట్రైనీ దిగాడు గానీ రన్‌వే ఇంకా ఖాళీ కాలేదు. రెండు నిమిషాలు ఆగమన్నాను. "థ్యాంక్యూ సార్" అన్నాడు. పెట్రోలు ఎంత ఉందని నేను అడగలేదు. అడగాలి, అది నా పని.

గాల్లో ఈ పైలట్లెవరూ గొంతు పెంచరు. నెమ్మదిగా మాట్లాడితే అంతా బాగున్నట్టేనని ఇన్నేళ్లుగా అలవాటు పడిపోయాను.

మా ఇంటి ఓనరు మల్లారెడ్డి తన ఊరు కర్దనూర్ నుంచి ఇప్పుడే వచ్చాడు. "ఇమానం మా జొన్న చేన్లనే పడ్డది సారూ. ఆ పైలట్‌ను నేనే బయటికి గుంజిన. చేను కరాబైంది, మాఫ్ కరో అన్నడు. గదే ఆఖరి మాట."

రేపు విచారణలో, అతని గొంతులో కంగారు వినిపించిందా అని అడుగుతారు. లేదంటాను, అది నిజమే. అతను థ్యాంక్యూ అంటే నేను వెల్కమ్ అన్నానని మాత్రం ఎవరూ అడగరు.