బానెట్ కింద పసుపు గీత

ఫ్లింట్, మిషిగన్
అక్టోబరు 17, 1991

ప్రియమైన నాన్నకి,

నేనూ నానమ్మా ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు పనికని వెళ్లిన టెక్సస్‌లో ఎండ కాస్త తగ్గిందనీ, నీ వంట నీకు ఇంకా విసుగు రాలేదనీ అనుకుంటున్నాం. నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. ఒక్కటి మాత్రం చివరికి ఉంచుకుంటాను.

నానమ్మ మోకాలి వాపు తగ్గింది కానీ చేతికర్ర ముట్టుకోవడం లేదు. "కర్ర పట్టుకుంటే చర్చిలో అందరూ ముసలిదాన్ననుకుంటారు" అంటోంది. డెబ్బై ఎనిమిది నిండాయి కదా అన్నాను. "అది మనింట్లో మాట. వాళ్లకెందుకు?" అంది.

నీ కార్ల పత్రికలు తడవలేదు. కింద గదిలో ఒక మూల చెమ్మ వచ్చిన మాట నిజమే, కానీ నేను ముందే అన్నింటినీ బట్టలు ఉతికే మిషన్ పైనున్న అరలోకి మార్చాను. వాటిని పాత కాగితాలకి వేసేద్దామంది నానమ్మ. నేను ఒప్పుకోలేదు. "మీ నాన్న పెళ్లినాడు కూడా కోటు జేబులో ఒకటి మడిచి పెట్టుకొచ్చాడు. ఫాదర్ ప్రమాణాలు చదువుతుంటే అది జారి కింద పడింది. వెర్నాయే వంగి తీసిచ్చింది" అని చెప్పి చాలాసేపు నవ్వింది. ఈ సంగతి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మ పోయాక ఆమె గురించి నువ్వు చెప్పినవి చాలా తక్కువ నాన్నా.

కాలేజీ బాగుంది. వ్యాసరచన చెప్పే మిస్ హార్గిస్, నచ్చిన వాక్యం ఒకటి ఎక్కడినుంచైనా తెచ్చి క్లాసులో చదవమన్నారు. అందరూ పెద్ద పెద్ద పుస్తకాలు తెచ్చారు. నేను నీ 1968 పత్రిక పట్టుకెళ్లి చదివాను: "ఎర్రదీపం దగ్గర ఆగిన ఆ బండి, గొలుసు ఎప్పుడు విప్పుతారా అని చూసే వేటకుక్కలా ఒళ్లంతా వణికింది." ఎవరు రాశారని అడిగారు. "పేరు లేదు మిస్, టైర్ల ప్రకటన పక్కన ఉంది" అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ మాత్రం మళ్లీ చదవమన్నారు. అప్పటినుంచి నాకు మాటల పిచ్చి పట్టుకుంది. ఇంజన్ల మోతకి ఆ పత్రికలవాళ్లు ఎన్ని మాటలు వెతికారో చూస్తూ కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు.

ఇంకో వార్త. మొన్న శనివారం పార్కులో పాత కార్ల ప్రదర్శన జరిగింది. నీకు చెప్పకుండా మన బండిని పెట్టాను. పక్కింటి హోలిస్ బాబాయే నడిపి తీసుకొచ్చాడు. రెండో బహుమతి వచ్చింది. ఎర్ర రిబ్బను గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది. ఇంత శుభ్రమైన ఇంజను గది ఈ ఏడాది చూడలేదన్నాడు న్యాయనిర్ణేత. అప్పుడు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఇక ఆ చివరి ప్రశ్న.

"బానెట్ ఎత్తు. ఇంజను వెనక రేకుగోడ మీద, డ్రైవరు వైపు ఒక పసుపు గీత ఉంటుంది. అది మీ అమ్మది. ఫ్యాక్టరీ లైనులో కార్ల బాడీలు చూసి, బాగున్నవాటి మీద మైనపు పెన్సిలుతో టిక్కు కొట్టేది. చివర ఒక తోక తిప్పేది. అది తన చేతి కింద నుంచి వెళ్లిన బండి అని చూసే కొన్నాను. ఫోటో తీసి పంపు, ఇక్కడ గోడకి పెట్టుకుంటాను" అని రాశావు.

ఆ గీత లేదు నాన్నా. నేనే తుడిచేశాను.

ప్రదర్శనకి ముందు గురువారం ఆ పని చేశాను. ఇంజను గది వంటగదిలా ఉండాలంటూ, కిరసనాయిలుతో ఎలా కడగాలో బొమ్మలతో సహా వివరించిన వ్యాసం నీ పత్రికల్లోనే దొరికింది. దాన్ని ముందు చక్రం పైనున్న ఫెండరు మీద తెరిచిపెట్టుకుని వాళ్లు చెప్పినట్టే చేశాను. బానెట్ కింద కడగవేమని చిన్నప్పుడు అడిగితే "అక్కడెవరు చూస్తారే" అనేవాడివి. బద్ధకమనుకున్నాను. రేకు మీద పసుపు రంగేదో కనబడింది. జిడ్డు మరక అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను.

నీ ఉత్తరం చదివి హోలిస్ బాబాయి దగ్గరికి పరుగెత్తాను. వాకిట్లో ఆకులు ఊడుస్తున్నాడు.

"వెర్నా గీతా?" అన్నాడు. "షిఫ్టంతా అవే గీసేది. నేను అదే లైనులో తలుపులు బిగించేవాణ్ని, తల తిప్పే తీరికెక్కడిది?"

"తోక ఎటు తిరిగేది బాబాయ్?"

"కుడివైపు." చీపురు ఆపి గాల్లో వేలితో గీసి చూసుకున్నాడు. "ఎడమకేమో." లోపలికెళ్లి పనిముట్ల పెట్టెలోంచి పసుపు మైనపు పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పాత బండ్లు బాగుచేసేవాళ్లు ఇప్పుడు వీటితోనే గీసుకుంటున్నారు, అసలుదిలా కనిపించాలని. ఒకటి గీయి, ఫోటో తియ్యి. మీ నాన్న ప్రశాంతంగా నిద్రపోతాడు. తప్పేముంది?"

నేను గీశాను నాన్నా. ఫోటో కూడా తీశాను. కవరు మీద నీ చిరునామా రాస్తుంటే నానమ్మ ఆ ఫోటో తీసుకుని, కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూసింది.

"వెర్నా చెయ్యి ఇంత బుద్ధిగా ఉండేది కాదు. అది సంతకం పెడితే కింది కాగితం మీద కూడా పడేది" అని ఫోటో బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

వెళ్లి నా గీత తుడిచేశాను. ఇప్పుడు ఈ ఉత్తరంతో పంపుతున్న ఫోటోలో అక్కడ ఏమీ లేదు. అద్దంలా మెరుస్తోంది.

అమ్మ చేతి కింద నుంచి ఎన్నో బండ్లు వెళ్లి ఉంటాయి కదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. అవే పత్రికలు చదివి దేశమంతా ఎంతమంది ఆమె గీతని కడిగేసి ఉంటారో. హోలిస్ బాబాయితో అంటే, "ఎక్కడైనా మిగిలిందంటే ఏ సోమరిపోతు గ్యారేజీలోనో మిగిలి ఉంటుంది. వాణ్ని దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు.

ఆ సోమరిపోతు కోసం పత్రికకి చిన్న ప్రకటన రాశాను. మొదట పేజీ నిండా రాశాను, మంచి మంచి మాటలన్నీ పెట్టి. తర్వాత కొట్టేస్తూ వచ్చాను. చివరికి ఇది మిగిలింది: "మీ బండి ఇంజను వెనక రేకు మీద, చివర తోక తిప్పిన పసుపు టిక్కు ఉంటే దయచేసి తుడవకండి. మాకు రాయండి."

పక్కన ఆ గీత బొమ్మ కూడా వేయాలి, లేకపోతే ఎవరూ పోల్చుకోలేరు. తుడిచేటప్పుడు నా కళ్లు దాని మీదే ఉన్నాయి, కానీ తోక ఎటు తిరిగి ఉందో నేను చూడలేదు. ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. కోపం తగ్గాకే రాయి, తొందరేమీ లేదు. రాసినప్పుడు మాత్రం, అమ్మ ఎలా గీసేదో అలా ఒక్కసారి కాగితం మీద గీసి పంపు నాన్నా.

ఇట్లు,
నీ కూతురు
ట్రూడీ